డ్రోన్‌కు సబ్సిడీయా, డేటాకు పునాదా? డిజిటల్ సాగులో ప్రభుత్వ సొమ్ము ఎటు పెడితే మేలు

డిజిటల్ సాగును ముందుకు తీసుకెళ్లాలనుకునే ప్రభుత్వానికి ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. డ్రోన్లు, సెన్సార్ల లాంటి పరికరాలు కొనడానికి రైతుకు సబ్సిడీ ఇవ్వొచ్చు. లేదంటే ఉపగ్రహ చిత్రాలు, పొలాల మ్యాపులు, వాతావరణ సమాచారం లాంటివి తానే సిద్ధం చేసి అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చు. రెండూ చేస్తామనే అందరూ చెబుతారు. బడ్జెట్‌లో పెద్ద వాటా దేనికన్నదే అసలు ప్రశ్న.

సబ్సిడీకి ఉన్న బలం, అది కంటికి కనిపిస్తుంది. భారత ప్రభుత్వం 2023లో తెచ్చిన నమో డ్రోన్ దీదీ పథకం మహిళా సంఘాలకు డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు ఇస్తుంది. ఒక్కో రైతుకు కాకుండా సంఘానికి ఇవ్వడం మంచి ఆలోచనే, ఒకే యంత్రం చాలా పొలాలకు పనికొస్తుంది. వీపున ట్యాంకు మోస్తూ పురుగుమందు పీల్చే బాధా తప్పుతుంది. కానీ కొన్న రోజుతో ఖర్చు ఆగదు. ట్యాంకు నిండా మందుతో ఎగిరితే బ్యాటరీ కొన్ని నిమిషాలే వస్తుంది, కాబట్టి అదనపు సెట్లు, ఛార్జింగ్ సదుపాయం ఉండాలి. నడిపే మనిషికి శిక్షణ కావాలి. రెక్క విరిగితే బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉండాలి. ఈ ఏర్పాట్లు లేనిచోట డ్రోన్ ఫొటోలకే పరిమితమవుతుంది. పైగా మిగతా 20 శాతం పెట్టుకోగలిగినవాళ్లకే సబ్సిడీ అందుతుంది.

ఇక రెండో దారి. ఇది ఫొటోలకు అంతగా నప్పదు, అందుకేనేమో నాయకులకు దీనిమీద మోజు తక్కువ. ఫలితం మాత్రం చాలా పెద్దది. అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో జీపీఎస్ సిగ్నల్‌ను కావాలని మసకబార్చడం ఆపేసింది. అప్పటిదాకా సుమారు వంద మీటర్ల దాకా తప్పు చూపిన సాధారణ రిసీవర్లు ఒక్కసారిగా ఎన్నో రెట్లు మెరుగయ్యాయి. రైతు ఏమీ కొత్తగా కొనలేదు, దరఖాస్తూ పెట్టలేదు. 2008లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలకు ధర ఎత్తేశారు. అమ్మినప్పుడు రోజుకు పదుల చిత్రాల్లో ఉన్న వాడకం తర్వాత వేలకు చేరింది. ఐరోపా సెంటినెల్-2 చిత్రాలూ ఉచితమే. పంటను బట్టి సలహాలిచ్చే ఎన్నో యాప్‌ల వెనుక ఉన్నది ఈ చిత్రాలే. ఐరోపా యూనియన్‌లో రైతులకిచ్చే సాయం నియమాల ప్రకారం అందుతోందో లేదో చూడటానికి 2023 నుంచి ఉపగ్రహాల పర్యవేక్షణ తప్పనిసరి అయింది.

దీనికీ హద్దులున్నాయి. సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) నేలమీద 10 మీటర్ల చదరం. ఎకరం అంటే దాదాపు 40 చుక్కలు. పెద్ద కమతానికి ఇది బాగానే సరిపోతుంది. సన్నటి చిన్న మడి అయితే చాలా చుక్కల్లో గట్టు, పక్క పొలం కూడా కలిసిపోతాయి. పంటకు సలహా బాగా అవసరమయ్యే వానాకాలంలోనే మబ్బులు చిత్రాన్ని కప్పేస్తాయి. మబ్బుల్లోంచి కూడా నేలను చూడగలిగే రాడార్ ఉపగ్రహాలు ఉన్నా, వాటి సమాచారాన్ని పంట సలహాగా మార్చడం తేలిక కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు మనిషి వైపు ఉంది. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన భారత డిజిటల్ అగ్రికల్చర్ మిషన్ రైతుకొక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాన్ని భూమి రికార్డులతో ముడిపెడుతోంది. పునాదిగా ఇది సరైనదే. కానీ రికార్డులో పేరున్న మనిషి, నిజంగా దున్నుతున్న మనిషి వేరైనప్పుడు డిజిటల్ వ్యవస్థ తప్పును ఇంకా వేగంగా చేస్తుంది. కౌలు రైతును ఎలా నమోదు చేయాలో తేల్చకుండా బీమా, రుణం, నష్టపరిహారం అన్నీ ఆ నంబరుకే కట్టేస్తే పొలంలో ఉన్నవాడికి ఒరిగేదేమీ ఉండదు.

మూడో దారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: చట్టం. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను యజమాని తానే, లేదా తనకు నచ్చిన మెకానిక్‌తో బాగుచేయించుకునే హక్కును చట్టం చేసింది. ఆధునిక ట్రాక్టర్లలో సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ చేతిలో ఉండటమే దీనికి కారణం. యంత్రం సేకరించే దిగుబడి వివరాలు ఎవరివన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. సబ్సిడీతో పోలిస్తే చట్టానికయ్యే ఖర్చు చాలా తక్కువ. అయినా ముందు యంత్రాలు పంచేసి, హక్కుల సంగతి తర్వాత చూద్దామనుకోవడమే ఎక్కువ.

నన్నడిగితే పెద్ద వాటా డేటా పునాదికే. సబ్సిడీని పూర్తిగా తీసెయ్యాలని కాదు, దాన్ని కొనుగోలు నుంచి అద్దెకు మార్చాలి. పిచికారీ అయిన ఎకరానికి ఇంత అని సేవకు చెల్లిస్తే, తిరగని డ్రోన్‌కు పైసా రాదు. యజమాని బ్యాటరీల గురించి తానే ఆలోచించుకుంటాడు. కొనే స్తోమత లేని చిన్న రైతుకూ ఆ సాయం చేరుతుంది. అయితే సేవ అందించేవాళ్లే లేని మారుమూల ప్రాంతాల్లో ఈ లెక్క పనిచేయదు. అక్కడ మొదటి కొన్నేళ్లు సంఘాలకు కొనుగోలు సబ్సిడీ ఇవ్వక తప్పదు, కాకపోతే మరమ్మతు ఒప్పందాన్ని కూడా అందులోనే కలిపి.