ఈమాక్స్ టైమర్లు వాడి చూశా: బాగున్నాయి, కానీ గంట కొట్టేది అరగంటకి

రోజంతా ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే పడుంటా కాబట్టి గడియారం, రిమైండర్లు కూడా అందులోనే పెట్టుకున్నా, వేరే యాప్ ఎందుకులే అని. డిస్‌ప్లే-టైమ్-మోడ్ ఆన్ చేస్తే కింద లైన్లో టైమ్ వస్తుంది, దాని గురించి చెప్పడానికేం లేదు, పనిచేస్తుంది.

అసలు విషయం రన్-ఎట్-టైమ్, అంటే చెప్పిన టైమ్‌కి ఓ పని నడిపించే ఫంక్షన్. టైమ్ దగ్గర టీ (ఇంగ్లీషు అక్షరం t) అని, రిపీట్ దగ్గర 300 (సెకన్లు) అని ఇచ్చామా, 10:05, 10:10 అని గడియారం అంకెల మీదే టంచనుగా నడుస్తుంది. ఏ ఫైల్లో పనిచేస్తున్నానో లాగ్ రాసుకోడానికి దీన్నే పెట్టా. పాత వెర్షన్లో భోజనం చేసొచ్చి లాప్‌టాప్ మూత తీస్తే లాగ్‌లో 2:12:40, 2:17:40, 2:22:40 అని పడేది, అంటే లేచిన సెకను నుంచే లెక్క మొదలెట్టేది. 2022లో వచ్చిన 28.1లో ఇది సరిచేశారు, ఇప్పుడు లేవగానే ఒకసారి కొట్టి, ఆ తర్వాత 2:15:00కి మళ్ళీ దారిలోకి వచ్చేస్తుంది. ఈ ఒక్కదానికే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు అంటా నేను.

ఆ ఊపులో 3600 పెట్టి గంటకోసారి "లేచి నీళ్ళు తాగు" అని మెసేజ్ రావాలనుకున్నా. వచ్చింది, 10:30కి, 11:30కి, 12:30కి! అరగంట బుర్ర గోక్కున్నాక వెలిగింది, ఈ లెక్క 1970 జనవరి 1 నుంచి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది, మనం 5:30 ముందున్నాం కదా, అక్కడ సరిగ్గా గంట కొట్టేసరికి మన గడియారంలో గంట దాటి ముప్పై నిమిషాలవుతుంది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి అదే లైన్ పంపిస్తే వాడికి శుభ్రంగా గంటకే కొడుతోంది, పైగా "నీ సిస్టమ్‌లోనే ఏదో ఉందిరా అన్నయ్యా" అని నాకే క్లాసు.

సరే అని టీ బదులు "9:00" అని రాసి చూశా. ఆ టైమ్ దాటిపోయినా ఈరోజుదే అనుకుంటుందిట, సాయంత్రం అయిదున్నరకి ఈమాక్స్ తెరిస్తే పొద్దుట్నుంచి బాకీపడ్డ నీళ్ళన్నీ ఒకేసారి తాగమంది. మాన్యువల్లో రాసే ఉంది, చదవకపోవడం నా తప్పే. చివరికి టీ, 1800 పెట్టి, ఫంక్షన్ లోపల నిమిషాలు 00 అయితేనే మెసేజ్ చూపించమన్నా, అప్పట్నుంచి గొడవ లేదు.

ఇంకోటి, ఈమాక్స్ ఏదైనా పెద్ద పనిలో ఉంటే టైమర్ ఆగుతుంది, అది అయ్యాకే కొడుతుంది. మందులు వేసుకోవడం లాంటి వాటికి ఫోన్ అలారమే నమ్ముకోండి. ఏ టైమర్లు నడుస్తున్నాయో లిస్ట్-టైమర్స్‌లో కనబడతాయి, కానీ మొదటిసారి ఆ కమాండ్ కొడితే టైమర్లు చేత్తో రద్దు చేస్తే ఈమాక్స్ సెషన్ పాడవ్వచ్చు అని ఓ హెచ్చరిక చూపించి నిజంగా కావాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి, అక్కర్లేని దాని మీద కర్సర్ పెట్టి సి నొక్కితే పోతుంది.

అన్నట్టు వరల్డ్-క్లాక్ కూడా ఉంది, తమ్ముడికి ఫోన్ చేసేముందు చూసుకుంటా. అందులో మన టైమ్‌కి బెంగళూరు అని ఉంటుంది, నేను హైదరాబాద్ అని మార్చేశా.