పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్ బాణం పుల్లలు: ఏళ్ల వాడకం తర్వాత

చెక్క బాణాలు సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్ గురించే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం నైరుతి మూలన, దాన్ని ఆనుకుని ఉన్న కాలిఫోర్నియా ఉత్తరాన పెరిగే చెట్టు ఇది. నారి లాగడానికి 45 పౌన్ల బలం పట్టే రికర్వ్ విల్లుకు (కొనలు ముందుకు వంగి ఉండేది) ఏళ్లుగా ఈ పుల్లలే వాడుతున్నాను. తేలికగా ఉంటాయి, ఇసుక కాగితం పెడితే ఇట్టే నునుపు తేలతాయి. విరిగినప్పుడు అల్లం లాంటి ఘాటు వాసన వస్తుంది.

కొనేటప్పుడు అసలు చూడాల్సింది స్పైన్, అంటే పుల్ల ఎంత వంగుతుందన్న లెక్క. 26 అంగుళాల ఎడంలో రెండు చోట్ల ఆనించి, నడుమ 2 పౌన్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు కుంగిందో ఆ అంకెతో 26ను భాగించాలి. అర అంగుళం కుంగితే స్పైన్ 52. కుడిచేత్తో నారి లాగేవాళ్లకు పుల్ల మరీ గట్టిదైతే బాణం ఎడమకు, మెత్తనిదైతే కుడికి పోతుంది. డజనులో ఒక్కటి తేడాగా ఉన్నా గురి కుదరదు, తప్పు మన చేతిదేమో అనిపిస్తుంది. అందుకే స్పైన్, బరువు జతపరిచి అమ్మే పుల్లలకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తర్వాత పోగు, అంటే చెక్కలోని నార పారే తీరు. పక్కన కనిపించే గీతలు చివరిదాకా తిన్నగా పారాలి. గీతలు మధ్యలోనే అంచుకు జారిపోయిన పుల్లను నేను పక్కన పెట్టేస్తాను, అది విరిగితే చీలిక చేతిలోకి దిగుతుంది. నాక్, అంటే నారి ఇరికే వెనక కొన గాడి, ఆ పోగుకు అడ్డంగా ఉండాలి.

సీడర్‌తో నిత్యం ఉండే పని వంపు తీయడం. గాలిలో తేమ మారితే పుల్ల వంకర తిరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి, కన్ను దగ్గర పెట్టి తిప్పితే వంపు ఎక్కడుందో తెలుస్తుంది. ఉబ్బుగా ఉన్న వైపు నున్నటి ఇనుప కడ్డీతో గట్టిగా రుద్దుతాను. రాపిడికి వేడెక్కి, ఒత్తిడికి అణిగి పుల్ల తిన్నబడుతుంది. మర్నాడు మళ్లీ చూడాలి, కొన్ని మొండిగా వెనక్కి తిరుగుతాయి. వార్నిష్ రెండు మూడు పూతలు పడ్డాక ఈ బెడద బాగా తగ్గుతుంది.

ఈకలు టర్కీ కోడివి, ఒక బాణానికి మూడూ ఒకే వైపు రెక్కవి అయి ఉండాలి.

లోపమూ ఉంది. రాయికి తగిలితే మొన వెనకాలే పుటుక్కున విరుగుతుంది. పైగా ఈ చెట్లకు సోకే వేరు తెగులు 1952 నుంచి వాటి సొంత అడవుల్లోనే ఉంది, పాత చెట్ల నుంచి వచ్చే మంచి పుల్ల అరుదైపోయింది.

చట్టం ఒప్పుకునే చోట వేటకు దిగేవాళ్లు బాణం మొత్తం బరువు విల్లు బలంలో ఒక్కో పౌనుకు 10 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌనులో ఏడువేలో వంతు) దగ్గర ఉంచుకోండి. ప్రతిసారీ ఎక్కుపెట్టే ముందు పుల్లను కొద్దిగా వంచి పగుళ్లు చూడండి. మొన బ్లేడులా పదునుగా ఉండాలి, 20 గజాలు దాటి వదలొద్దు. కప్పీలుండే కాంపౌండ్ విల్లులో మాత్రం చెక్క బాణం ఎప్పుడూ పెట్టకండి. ఎల్క్ (పెద్ద జాతి జింక) అంత జంతువుకైతే నేను సీడర్ మానేసి, బరువూ గట్టిదనమూ ఎక్కువున్న డగ్లస్ ఫర్ చెట్టు చెక్క వాడతాను.