నాలుగేళ్లు వాడాక: వేడి ట్యూనా చీజ్ శాండ్‌విచ్, చదునైన గ్రిల్

వారానికి రెండుసార్లయినా డబ్బాలో దొరికే ట్యూనా చేప, చీజ్, తాజా కూరగాయలతో వేడి శాండ్‌విచ్ చేసుకోవడం నాకు నాలుగేళ్లుగా అలవాటు. ఇంతకాలమూ ఒకే ఎలక్ట్రిక్ గ్రిల్ వాడాను. దానికి పైనా కిందా చదునైన పలకలుంటాయి; పై పలక శాండ్‌విచ్ మందాన్ని బట్టి పైకి లేస్తుంది. అంతకుముందు త్రికోణాల అచ్చున్న శాండ్‌విచ్ మేకర్ ఉండేది. ఆ అచ్చు బ్రెడ్ అంచులను నొక్కి మూసేయడంతో ఆవిరికి దారి లేక, పైన కరకరలాడుతున్నా లోపలివైపు బ్రెడ్ పిండిముద్దలా మిగిలేది. మొదటి ముద్దకే నాలుక కాలేది. చదునైన గ్రిల్‌లో అంచులు తెరిచే ఉంటాయి కనుక ఆవిరి పక్కలనుంచి పోతుంది. చేపకూ కూరగాయలకూ ఇదే నప్పుతుందని నా అనుభవం.

అయినా మొదటి రెండు నెలలూ నా శాండ్‌విచ్‌లు మెత్తబడుతూనే ఉన్నాయి. తప్పు గ్రిల్‌దనుకున్నాను గానీ, అసలు సమస్య నీరు. డబ్బా మూతతోనే చేపను అదిమి నీరు వంపేస్తే చాలనుకునేదాన్ని. ఒకసారి అలా వంపిన చేపను జల్లెడలో వేసి చెంచా వెనకవైపుతో నొక్కి చూస్తే, కింద గిన్నెలోకి ఇంకో రెండు మూడు చెంచాల నీరు దిగింది. అదంతా అప్పటిదాకా బ్రెడ్‌లోకే ఇంకుతూ వచ్చిందన్నమాట. ఇప్పుడు చేప వేళ్లతో నలిపితే పొడిపొడిగా విడిపోయేదాకా నొక్కుతాను. ఆ తరువాతే నిమ్మరసం, మిరియాల పొడి, ఒకే ఒక చెంచా మయొనైజ్ కలుపుతాను. మయొనైజ్ ఎక్కువైతే వేడికి విరిగి, నూనె వేరుపడి బయటికి కారుతుంది.

కూరగాయల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. టమాటాలో గింజలున్న జిగురు భాగం తీసేసి కండను మాత్రమే కోస్తాను. ఉల్లిపాయ, క్యాప్సికం సన్నగా తరిగి వేస్తే గ్రిల్ మీద ఉండే కొద్ది నిమిషాల్లో పచ్చివాసన పోయినా కరకర మిగులుతుంది. ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది కనుక ముందుగా చల్లను; డబ్బా చేపలోనూ చీజ్‌లోనూ ఉన్న ఉప్పు చాలావరకు సరిపోతుంది. కీరదోస, లెట్యూస్ ఆకులను మాత్రం గ్రిల్ మీదికి ఎక్కించను. శాండ్‌విచ్ దించి, తెరిచి, వాటిని లోపల పెట్టి వెంటనే తింటే వేడీ చల్లదనమూ ఒకే ముద్దలో తెలుస్తాయి. ఈ వంటకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ క్షణమే.

చీజ్‌ను చేపకు పైనా కిందా రెండు పొరలుగా వేయాలి. అది కరిగి బ్రెడ్‌కు తడి తగలకుండా అడ్డుకుంటుంది, ముక్కలను కూడా పట్టి ఉంచుతుంది. మొజరెల్లా బాగా సాగుతుంది గానీ దాని రుచి చేప ముందు నిలవదు. బాగా ముదిరిన చెడ్డార్ కరిగేటప్పుడు నూనె వదులుతుంది. అంతగా ముదరని చెడ్డార్ తురుము నాకు అన్నివిధాలా కుదిరింది. డబ్బాలోని ట్యూనా ముందే ఉడికి ఉంటుంది కాబట్టి బ్రెడ్ ఎర్రబడి, చీజ్ కరిగితే చాలు. మధ్యస్థమైన వేడి మీద నా గ్రిల్‌కు 4 నుంచి 5 నిమిషాలు పడుతుంది. వేడి పెంచి తొందరపడితే చీజ్ కరిగేలోపే బ్రెడ్ మాడిపోతుంది.

గ్రిల్‌లో లోపాలు లేకపోలేదు. పై పలక వెనకవైపునుంచి ముందుగా నొక్కుతుంది కనుక లోపలి ముద్ద ముందుకు జరిగి బయటపడుతుంది. ఒక్కసారిగా మూయకుండా, పిడి పట్టుకుని నెమ్మదిగా దించడం అలవాటు చేసుకున్నాను. మూడో ఏట, అంటుకుపోయిన చీజ్‌ను స్టీలు చెంచాతో గీకడం వల్ల నాన్‌స్టిక్ పూత ముందు అంచు దగ్గర లేచింది. ఆ తప్పు పూర్తిగా నాదే. అసలు ఇబ్బంది పలకలు విడిగా రాకపోవడం. ప్లగ్ తీసి, గోరువెచ్చగా ఉండగానే తడిగుడ్డతో తుడిస్తే పలకలు శుభ్రపడతాయి గానీ, వెనక కీలు సందులో చేరిన చేప నూనె వాసన మాత్రం మరునాటికీ పోదు. ఈసారి కొనేటప్పుడు పలకలు విడదీసి కడుక్కునే రకమే తీసుకుంటాను. మిగతాదంతా ఇలాగే ఉంటే చాలు.