కాటన్ వాటర్ కలర్ కాగితం: నెల్లూరు ఎండల్లో, వానల్లో వాడిన అనుభవం

నీటిరంగులు నేర్చుకునేవారికి చవక కాగితం చాలునని, చేయి తిరిగిన తరువాత మంచిది కొనుక్కోవచ్చునని చాలామంది సలహా ఇస్తుంటారు. నూరు శాతం పత్తితో చేసిన 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కోల్డ్ ప్రెస్డ్ (కొద్దిగా గరుకైన ఉపరితలం గల) కాగితాన్ని నెల్లూరులో కొన్నేళ్లుగా వాడుతున్న నేను ఈ సలహాతో ఏకీభవించను. కుంచెలూ రంగులూ సాధారణమైనవైనా ఫరవాలేదు గాని, కాగితం మాత్రం మొదటి నుంచీ మంచిదే ఉండాలి.

నీటిరంగుల పనితనంలో అధిక భాగం కాగితం తడిని కనిపెట్టడంలోనే ఉన్నది. చవకగా దొరికే కలప గుజ్జు కాగితం మీద నీరు ఒకచోట మడుగు కడుతుంది, పక్కనే ఆరిపోతుంది. మే నెల వడగాలుల్లో మైపాడు తీరాన కూర్చుని ఆకాశం వేయబోతే, నీలాన్ని పైనుంచి దింపుకుంటూ సముద్రం అంచుకు చేరేలోపే పైభాగం ఆరి చారలు కడుతుంది. అది చూసి తన చేతిలోనే లోపమున్నదని నిరాశపడి మానుకున్నవారు నాకు తెలుసు. పత్తి కాగితం నీటిని పోగుల్లోకి పీల్చుకుని నిదానంగా వదులుతుంది కనుక, ఆలోచించి రంగు కలుపుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధిలో నేర్చుకోవలసింది మెరుపును చదవడం. కాగితాన్ని కంటి ఎత్తున ఏటవాలుగా పట్టుకుని చూస్తే, మొదట నీరు నిలిచిన నిండు మెరుపు, తరువాత సన్నని నిగారింపు, ఆ పైన మెరుపు పోయినా చేతి వెనుక భాగానికి చల్లగా తగిలే దశ వరుసగా వస్తాయి. నిండు మెరుపులో వేసిన మేఘం అంచు లేకుండా పరుచుకుంటుంది. నిగారింపు దశలో నీరు తక్కువగా, రంగు చిక్కగా ఉన్న కుంచెతో వేస్తే దూరపు తాటితోపు మెత్తని అంచులతో నిలుస్తుంది. చల్లని దశలో నీళ్ల కుంచె తాకితే, ఆ నీరు ఆరుతున్న రంగును బయటికి నెట్టి రంపపు పళ్ల అంచుతో మరక చేస్తుంది, కాబట్టి పూర్తిగా ఆరేవరకు ఆగవలసిందే. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఇదే కాగితం చాలా ఆలస్యంగా ఆరుతుంది. అందువల్ల ఇన్ని నిమిషాలని గడియారం చూసి నేర్చుకున్న పాఠం మన జిల్లాలో రెండు కాలాలకు పనికిరాదు.

పొరల మీద పొరలు వేయడానికి కూడా ఇది బాగా ఒప్పుతుంది. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురానికి పసుపు పొర వేసి, ఆరనిచ్చి, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపిన బూడిదరంగుతో నీడ దించినప్పుడు కింది పసుపు చెదరదు. ఆ నీలపు రేణువులు కాగితం గుంటల్లో దిగి నీడకు గరుకుదనాన్ని ఇస్తాయి.

లోపాలు లేకపోలేదు. ధర ఎక్కువ. వేసిన రంగును తడిపి తీసివేయడం కలప గుజ్జు కాగితం మీద సులభం. పత్తి కాగితం మీద, ముఖ్యంగా థాలో నీలం వంటి, పోగులను పట్టుకునే రంగులతో, అది దాదాపు అసాధ్యం. తడి ఎక్కువైతే 300 జీఎస్‌ఎం కూడా ఉబ్బుతుంది కనుక నాలుగు వైపులా టేపు వేసి బోర్డుకు అతికించాలి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మన కోస్తా తేమ. నీరు ఒక్కసారిగా ఇంకిపోకుండా ఆపే సైజింగ్ తేమకు దెబ్బతింటే, కాగితం రంగును చుక్కలు చుక్కలుగా మింగేస్తుంది, ఆ మచ్చలు పోవు. గోడకు ఆనించకుండా, సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని కవరులో ఉంచుతున్నప్పటి నుంచి నాకు ఆ బాధ తగ్గింది.

ఖర్చుకు వెనుకాడేవారు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉండే నిండు షీటును ఎనిమిది ముక్కలు చేసుకుని, రెండు వైపులా సాధన చేయవచ్చు. రంగుల మిశ్రమాలు సరిచూసుకోవడానికీ, పెన్సిల్‌తో కూర్పు ఆలోచించుకోవడానికీ చవక కాగితమే చాలు. వాష్ సాధనకు, అంటే నీళ్లు కలిపిన పలుచని రంగును వెడల్పుగా పరచడం నేర్చుకోవడానికి, మాత్రం దానిని వాడవద్దని గట్టిగా చెబుతాను.