జాగ్రత్త: "ఫ్రీ ఏఐ స్కాన్"లో ఎర్ర డబ్బా చూసి పన్ను తెరిపించుకోకండి

క్లినిక్ పేరు రాయను. "ఫ్రీ ఏఐ డెంటల్ స్కాన్" అని రోజూ ఫోన్లో యాడ్ వస్తుంది కదా, అదే. మా పిన్నికి 58 ఏళ్ళు. నొప్పి లేదు, వాపు లేదు, పళ్ళు క్లీన్ చేయించుకుందామని వెళ్ళింది. రెండు గంటల తర్వాత 58,500 రూపాయల ప్లాన్, "ఈరోజే మొదలుపెడితే 49,000" అనే ఆఫర్, పన్నెండు నెలల ఈఎంఐ, కింద కుడివైపు పన్నుకి సగంలో ఉన్న రూట్ కెనాల్‌తో ఇంటికొచ్చింది. ఆ పన్నుకి ఏ జబ్బూ లేదు. పళ్ళ ఎక్స్‌రేలు తీయడమే నా పని, కాబట్టి ఊహించి రాయడం లేదు, చూసి రాస్తున్నాను.

కుర్చీలో ఏం జరిగిందో చెప్పాలి. అన్నిటికన్నా నాకు మంట పుట్టిస్తున్నది అదే. కుర్చీ వెనక్కి వాల్చి, మెడకి బిబ్ కట్టి, మానిటర్ ఆవిడ వైపు తిప్పారు. తెర మీద ఓపీజీ, అంటే నోరంతా ఒకే ఫిల్మ్‌లో వచ్చే ఎక్స్‌రే. దాని మీద పదకొండు డబ్బాలు, కొన్ని ఎరుపు, కొన్ని పసుపు. అప్పటికి డాక్టర్ గదిలోకే రాలేదు. నోట్లో అద్దం కూడా పెట్టి చూడలేదు. కోఆర్డినేటర్ అమ్మాయి పక్కన నిలబడి ఒక్కో డబ్బా చూపిస్తూ చదివింది. "నాకు నొప్పేం లేదమ్మా" అంది పిన్ని. దానికి ఆ అమ్మాయి అన్న మాట ఇది: "మేం చెప్పట్లేదు ఆంటీ, ఏఐ చెప్తోంది. దానికి మీ డబ్బుతో పనేముంది? నొప్పి వచ్చేదాకా ఆగితే పన్నే ఉండదు." నోరు తెరిచి వెల్లకిలా పడుకున్న మనిషి దానికి ఏమని ఎదురు చెబుతుంది? మనిషి చెబితే అనుమానించేది. మిషన్ చెప్పిందనేసరికి తలూపింది.

ఆ మాటలో సగం కూడా నిజం లేదు. సాఫ్ట్‌వేర్ జబ్బుని చూడదు, నీడల్ని చూస్తుంది. ప్రతి నీడకీ ఇది ఫలానా కావచ్చు అని ఒక అంకె వేసుకుంటుంది. ఎంత దాటితే డబ్బా గీయాలో ముందే ఒక హద్దు పెట్టి ఉంటుంది. హద్దు కిందికి దించితే డబ్బాలు పెరుగుతాయి, పైకి జరిపితే తగ్గుతాయి. ఆ డబ్బా పక్కన ఫిల్లింగ్ అనో ఆర్‌సీటీ (రూట్ కెనాల్) అనో రాసి రేటు వేసేది మాత్రం మనిషే. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో పేరున్న ఒకదానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. దాని పేరే సెకండ్ ఒపీనియన్. డాక్టర్‌కి సాయంగా మాత్రమే వాడాలని, డాక్టర్ పరీక్షకి బదులుగా కాదని ఆ అనుమతిలోనే ఉంది. పైగా ఆ తొలి అనుమతి బైట్‌వింగ్, పెరియాపికల్ అనే చిన్న ఫిల్మ్‌లకి, 12 ఏళ్ళు నిండినవాళ్ళ శాశ్వత దంతాలకి. ఓపీజీకి కాదు. అంటే తయారుచేసినవాళ్ళే రెండో అభిప్రాయం అని పేరు పెట్టుకున్నారు. మరి మొదటి అభిప్రాయం ఇవ్వాల్సిన డాక్టర్ ఆ గదిలో ఏడి?

ఇప్పుడు ఆ పన్ను సంగతి. నంబర్ 45, కింద కుడివైపు రెండో చిన్న దవడ పన్ను. వేరు చివర గుండ్రటి నల్లటి నీడ, దాని చుట్టూ ఎర్ర డబ్బా, పక్కన "ఇన్ఫెక్షన్, ఆర్‌సీటీ ప్లస్ జిర్కోనియా క్యాప్, 25,000". ఆ ఫోటో పిన్ని వాట్సాప్‌లో పంపింది. ఎడమవైపు అదే స్థానంలో, 35 కింద, అచ్చం అంతే నీడ ఉంది. దాని మీద డబ్బా లేదు. కింది దవడలో చిన్న దవడ పళ్ళ వేళ్ళ దగ్గర ఎముకకి రెండు వైపులా ఒక్కో రంధ్రం ఉంటుంది, పెదవికీ గడ్డానికీ వెళ్ళే నరం బయటికొచ్చే దారి. మెంటల్ ఫోరామెన్ అంటారు. పుట్టుకతో అందరికీ ఉండేదే. ఎక్స్‌రేలో అది వేరు చివర మీద పడితే చీము గడ్డలాగే కనిపిస్తుంది. బీడీఎస్‌లో రేడియాలజీ చదివే పిల్లలకి మొదట్లోనే నేర్పే పాఠం ఇది.

తేడా కనిపెట్టడం కష్టం కూడా కాదు. వేరు చుట్టూ సన్నటి తెల్లటి గీత, లామినా డ్యూరా, తెగకుండా ఉందా చూడాలి. ఇన్ఫెక్షన్ అయితే నీడ ఉన్నచోట ఆ గీత సాధారణంగా చెదిరిపోతుంది. పిన్ని ఫిల్మ్‌లో జూమ్ చేస్తే నీడ మీదుగా ఆ గీత కొనదాకా కనిపిస్తూనే ఉంది. అనుమానం ఉంటే ట్యూబ్ కొంచెం పక్కకి జరిపి ఇంకో చిన్న ఫిల్మ్, ఆర్‌వీజీ, తీయాలి. రంధ్రమైతే నీడ వేరు నుంచి పక్కకి తప్పుకుంటుంది, గడ్డయితే వేరుని అంటిపెట్టుకునే ఉంటుంది. అన్నిటికన్నా ముందు చేయాల్సింది చల్లదనం పరీక్ష. సూది మూతలో నీళ్ళు పోసి గడ్డకట్టించిన ఐస్ పుల్లో, స్ప్రే కొట్టిన దూది ఉండో పంటి మీద పెడతారు. జివ్వుమని, తీసేసిన కొన్ని సెకన్లలో తగ్గిపోతే లోపలి నరం బాగున్నట్టు. తీసేశాక అర నిమిషం దాటినా లాగుతూనే ఉంటే నరం దెబ్బతిన్నట్టు. అసలు ఏమీ తెలియకపోతే చచ్చిపోయిందేమోనని అనుమానించి ఇంకో పరీక్షతో సరిచూసుకోవాలి. వేరు చివర గడ్డ కట్టేది మామూలుగా నరం చచ్చాకే. పక్క పన్ను మీద కూడా పెట్టి పోల్చి చూస్తారు. ఇదంతా రెండు నిమిషాల పని, ఖర్చు ఐస్ ముక్క.

పిన్నికి ఏదీ చేయలేదు. డాక్టర్ వచ్చి, తెర చూసి, మత్తు సూది ఇచ్చి పన్ను తెరిచారు. మత్తు పడినా భరించలేనంత నొప్పి వచ్చిందట. రెండో సూది నేరుగా పంటి లోపలికే ఇచ్చారు. దూది ఎర్రగా తడిసి బయటికి రావడం ఆవిడ కళ్ళారా చూసింది. వేరు చివర చీము గడ్డ ఉన్న పన్ను తెరిస్తే సాధారణంగా అంత నొప్పీ ఉండదు, అలా ఎర్రటి రక్తమూ రాదు. బతికున్న నరాన్ని తీశారు. ఆ దూది చూసైనా ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

ఫోటో నాకు వచ్చేసరికి సాయంత్రం నాలుగు. డ్యూటీలో ఉన్నాను, రాత్రి చూద్దాంలే అనుకున్నాను. అప్పుడే తెరిచి చూసి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ పన్ను దక్కేది. ఈ తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

మిగతా డబ్బాల గురించి కూడా రాయాలి, ఎందుకంటే వాటితోనే ఎక్కువమంది మోసపోతారు. ఏడు ఫిల్లింగులు రాశారు, ఒక్కోటి 2,500. అందులో నాలుగు ముందు పళ్ళ మీద గోధుమరంగు మరకలు. నోట్లో పెట్టే చిన్న కెమెరాతో ఫోటోలు తీసి, అవీ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చారు. పిన్ని పుట్టి పెరిగింది కనిగిరి వైపు పల్లెలో. అవి గార మరకలు, ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల చిన్నప్పుడే ఎనామిల్‌లో పడినవి. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు ఉందని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఫ్లోరోసిస్ మరక కుడివైపు ఏ పంటి మీద ఉంటే ఎడమవైపు అదే పంటి మీద కూడా ఉంటుంది, పంటికి అడ్డంగా చారలు చారలుగా. పుచ్చు మామూలుగా అలా జంటగా చారల్లా రాదు. నమిలే గుంటల్లో, పళ్ళ సందుల్లో, చిగురు అంచున మొదలవుతుంది, గీకితే మెత్తగా తగులుతుంది. లేజర్ పెన్నుతో పుచ్చు కొలిచే పరికరాలు కూడా మరక మీద, గట్టిపడిన పాచి మీద ఎక్కువ అంకె చూపిస్తాయి. నల్లగొండ, ప్రకాశం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు డాక్టర్‌కి ముందే ఊరి పేరు చెప్పండి. దయచేసి.

మిగతా మూడూ దవడ పళ్ళ సందుల్లో "పుచ్చు" అని రాసినవి. ఓపీజీలో చిన్న దవడ పళ్ళు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి, ముందు పళ్ళ మీద మెడ ఎముక నీడ పడుతుంది. సందుల్లో పుచ్చు చూడాలంటే బైట్‌వింగ్ తీయాలి, ఫిల్మ్ మీద ఉన్న రెక్కని కొరికి పట్టుకోమంటారే, అది. కుడికొకటి, ఎడమకొకటి, రెండు చాలు. మంచి పంటిలో కూడా పంటి మెడ దగ్గర, అంటే చిగురు అంచున, ఎనామిల్ పలచగా ఉండి ఎక్స్‌రే సులువుగా దాటిపోతుంది, అక్కడ పుచ్చులాంటి నల్లమచ్చ వస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్నీ డబ్బాలో పెట్టగలదు. నిజంగా పుచ్చే అనుకున్నా ఎంత లోతు అన్నది ముఖ్యం. ఎనామిల్ దాటకపోతే ఈ1, ఈ2 అని రాస్తారు. పైన గుంట పడనంతవరకు దానికి డ్రిల్లు అక్కర్లేదు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూయాలి, రోజూ ఫ్లాస్ చేసుకోవాలి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ బైట్‌వింగ్ తీసి పెరిగిందా లేదా చూడాలి. పిన్ని ప్లాన్‌లో ఏ పంటికీ లోతు రాయలేదు. పన్ను నంబర్, రేటు, అంతే.

డీప్ క్లీనింగ్ నాలుగు భాగాలకి 16,000 వేశారు, "ఎముక అరిగింది" అని. ఎముక అంచు పంటి మెడకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల కింద ఉండటం మామూలే. వేరు దాకా శుభ్రం చేయాలా వద్దా అన్నది తెర చూసి చెప్పేది కాదు. గీతలున్న సన్నటి కొలపుల్ల, ప్రోబ్, చిగురు సందులోకి దించి పంటికి ఆరు చోట్ల కొలవాలి. పిన్నికి 28 పళ్ళున్నాయి, అంటే 168 అంకెలు కాగితం మీద ఉండాలి. నాలుగు, అంతకు మించిన అంకెలు, కొలిచినప్పుడు రక్తం కారడం ఉంటేనే ఆ వైద్యం గురించి మాట్లాడాలి. కేస్ షీట్‌లో ఒక్క అంకె లేదు.

ఈఎంఐ సంగతి. మత్తు ఇంకా దిగక పెదవి మొద్దుబారి ఉండగానే "ఆంటీ, మెసేజ్ వచ్చింది, నంబర్ చెప్పండి" అన్నారు. అది లోన్ ఓటీపీ. ఆవిడ అపాయింట్‌మెంట్ అనుకుని చెప్పింది. రిజర్వ్ బ్యాంక్ 2025 ఆదేశాల ప్రకారం ఇలాంటి డిజిటల్ లోన్‌కి కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువు ఇవ్వాలి. ఆలోపు అసలు, ఆ మేరకు వడ్డీ కట్టి జరిమానా లేకుండా మూసేయొచ్చు. వివరాలు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో ఉండాలి. ఆ కాగితం మాకు మూడో రోజు మెయిల్‌లో దొరికింది.

ఈ సాఫ్ట్‌వేర్‌ల మీద నాకు కోపం లేదు. అలసిపోయిన డాక్టర్ కంటికి తప్పిపోయే సందు పుచ్చుని బైట్‌వింగ్‌లో చూపిస్తాయి, ఎముక ఎత్తుని మిల్లీమీటర్లలో కొలిచి పోయినసారికీ ఈసారికీ తేడా చెబుతాయి. డాక్టర్ ముందు తన కళ్ళతో చూసి, తర్వాత డబ్బాలు ఆన్ చేసి తను వదిలేసిందేమైనా ఉందా అని వెతుక్కుంటే పేషెంట్‌కి మేలే. ఆ వరుస తిరగబడితే అది అమ్మకం.

వెళ్ళేవాళ్ళు ఇంత మాత్రం చేయండి. "డబ్బాలు ఆపి చూపించండి" అనండి. ఆర్‌సీటీ అంటే "ఐస్ పెట్టి చూశారా" అని, డీప్ క్లీనింగ్ అంటే "ప్రోబ్ అంకెలు ఏవి" అని అడగండి. నొప్పి లేని పంటిని అదే రోజు తెరవనివ్వకండి. ఎక్స్‌రే ఫైలు డైకామ్‌లో, అంటే మిషన్ ఇచ్చే అసలు ఫైలుగా, తీసుకోండి, తెరకి ఫోన్‌తో తీసిన ఫోటోలో లామినా డ్యూరాలాంటి సన్న గీతలు చెదిరిపోతాయి. వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా మన దేశంలో 2020 నుంచి మెడికల్ డివైస్ కిందికే వస్తుంది, లైసెన్స్ నంబర్ అడగండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. డాక్టర్ మీద ఫిర్యాదు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కి.

పిన్ని పన్ను ఇప్పుడు వేరే ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ నిపుణుడు) దగ్గర పూర్తి చేయిస్తున్నాం, తెరిచాక వేరే దారి లేదు. క్లినిక్ ఇంకా ఫైలు ఇవ్వలేదు, డబ్బాలున్న ఫోటో మాత్రమే మళ్ళీ పంపింది. రేపు పొద్దున రాతపూర్వకంగా అడుగుతున్నాం: ఓపీజీ డైకామ్ ఫైలు, 45 ఎందుకు తెరిచారో రాసిన కేస్ షీట్, తెరిచిన డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్.