ఆరేళ్లు వాడిన పీఎల్‌సీ, అప్‌డేట్ తర్వాత పలకని తొమ్మిది పరికరాలు

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. డ్రయ్యర్ సెక్షన్‌లో ఈ చిన్న పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపించే కంట్రోల్ కంప్యూటర్) పెట్టి ఆరేళ్లయింది. ఒకే ఆర్‌ఎస్-485 లైన్ (చాలా పరికరాలు పంచుకునే సీరియల్ కేబుల్) మీద ఆరు డ్రైవ్‌లు (మోటార్ల స్పీడ్ మార్చేవి), మూడు ఎనర్జీ మీటర్లు, అటు ఈథర్‌నెట్‌లో కంట్రోల్ రూమ్ కంప్యూటర్. ఎండకీ, ఊక దుమ్ముకీ, పోయొచ్చే కరెంటుకీ తట్టుకుని ఇన్నేళ్లలో హార్డ్‌వేర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ విషయంలో పూర్తి మార్కులు.

ఇబ్బందంతా అప్‌డేట్‌తోనే వచ్చింది. లాప్‌టాప్ మార్చాక ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాను, పాత ప్రాజెక్ట్ తెరవగానే ఫర్మ్‌వేర్ (పీఎల్‌సీ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) కూడా మార్చమంది, మార్చాను. పీఎల్‌సీ రన్‌లోకి వచ్చింది, పచ్చ లైటు వెలిగింది, కానీ స్క్రీన్ మీద డ్రైవ్ స్పీడ్‌లన్నీ సున్నా. అవతల తొట్లలో వడ్లు నానుతున్నాయి, గంటలు మించితే వాసన పట్టేస్తాయి. ఆ టెన్షన్‌లో కేబుల్ మీద అనుమానపడి టెర్మినళ్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను, గంటన్నర అక్కడే పోయింది.

ముందు చూడాల్సింది పోర్ట్ పక్కనున్న రెండు బుల్లి లైట్లు. పంపేటప్పుడు వెలిగే టీఎక్స్ ఆగకుండా కొట్టుకుంటోంది, జవాబు అందినప్పుడు వెలిగే ఆర్‌ఎక్స్ అసలు వెలగట్లేదు. అంటే పీఎల్‌సీ అడుగుతూనే ఉంది, ఎవరూ పలకడం లేదు. ఒక్క మీటరే పలక్కపోతే దాని వైరో అడ్రస్సో చూడాలి గానీ, నిన్నటిదాకా బాగున్న తొమ్మిదీ ఒకేసారి మూగబోతే తేడా అడిగేవాడి దగ్గరే ఉంటుంది. పానెల్ తలుపు లోపల అంటించిన కాగితం మీద, ఆరేళ్ల కింద పెన్నుతో రాసింది, సగం వెలిసిపోయినా కనిపిస్తోంది: 9600, 8, ఎన్, 1. అంటే లైన్ వేగం 9600, 8 డేటా బిట్లు, ప్యారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు, 1 స్టాప్ బిట్. పోర్ట్ సెట్టింగ్ తెరిస్తే 19200, ఈవెన్ ప్యారిటీ. ఈ పరికరాలు మాట్లాడుకునే పద్ధతి మోడ్‌బస్, దాని సీరియల్ ప్రమాణంలో డిఫాల్ట్ అదే, అప్‌డేట్ మా సెట్టింగ్ చెరిపేసి దాన్ని పెట్టింది. మార్చి పీఎల్‌సీలోకి డౌన్‌లోడ్ చేశాక ఆర్‌ఎక్స్ మిణుక్కుమంది చూడండి, అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

అయినా పాత డ్రైవ్‌లు రెండు మధ్యమధ్యలో కట్ అవుతూనే ఉన్నాయి. అవి జవాబు కాస్త నెమ్మదిగా ఇస్తాయి, కొత్త వెర్షన్‌లో టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు) 100 మిల్లీసెకన్లకి పడిపోయింది, 300 చేస్తే కుదురుకున్నాయి. అలాగని సెకను, రెండు సెకన్లు పెట్టకండి. ఒక్క మీటర్ చనిపోయినా దానికోసం ఎదురుచూస్తూ మిగతా వాటి రీడింగ్‌లన్నీ ఆలస్యమవుతాయి.

మర్నాడు ఇంకోటి. పింగ్ (అవతలి పరికరం నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తోంది, సాఫ్ట్‌వేర్‌లో వెతికితే మాత్రం పీఎల్‌సీ కనిపించదు. కొత్త లాప్‌టాప్ ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్‌గా, అంటే నమ్మకూడనిదిగా తీసుకుంది, వెతుకులాటకి వచ్చే జవాబుల్ని ఫైర్‌వాల్ లోపలికి రానివ్వలేదు. ఐపీ అడ్రస్ చేత్తో కొడితే వెంటనే కలిసింది.

కమ్యూనికేషన్ సెట్టింగ్‌లు మారతాయని అప్‌డేట్ చేసేముందు ఒక్క హెచ్చరిక చూపించాల్సింది, నా అసలు కోపం దాని మీదే. సీజన్‌లో మిల్లు ఆగితే హమాలీల కూలి దగ్గర్నుంచి అన్నీ ఆగుతాయి.

రెండో డ్రయ్యర్‌కి కూడా ఇదే మోడల్ కొనిపించాను. దానికి మాత్రం పాత ఫర్మ్‌వేరే ఉంచి, పాత సాఫ్ట్‌వేర్‌ని లాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌లో (లాప్‌టాప్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టుకున్నాను. పానెల్ తలుపు మీద కొత్త కాగితం అంటించాను, ఈసారి టైమవుట్, తొమ్మిది అడ్రస్‌లు, ఫర్మ్‌వేర్ వెర్షన్ కూడా రాసి.