సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు జాగ్రత్త: పాత జాబ్ కార్డులు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కంపెనీ వారంటీ ఇంకా ఉంది కదా అన్న ధైర్యంతో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ఆ కారు పాత జాబ్ కార్డులన్నీ చేతికొచ్చేదాకా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. బిల్లులు కాదు, కారు రిపేరుకిచ్చినప్పుడల్లా వర్క్‌షాప్ వాళ్ళు రాసే జాబ్ కార్డులు. పాత ఓనర్ ఏమని కంప్లయింట్ ఇచ్చాడు, వర్క్‌షాప్ వాళ్ళు ఏమని రాసి మూసేశారు, ఆ రెండు లైన్లు చదవండి. నేను సర్వీస్ బిల్లులు టైముకి ఉన్నాయని మురిసిపోయి, జాబ్ కార్డుల మాటే ఎత్తలేదు.

మాది గుంటూరు. గత అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్ వాళ్ళ పాత కార్ల విభాగంలో కొన్నాను. రెండు డోర్లు, 2 లీటర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్, 21 వేల కిలోమీటర్లు, 38 లక్షలు. వారంటీ పది నెలలు మిగిలి ఉంది. కంపెనీ పేరు, షోరూమ్ పేరు రాయడం లేదు. కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళే ఆలోచన ఉంది కాబట్టి పేర్లు బయట పెట్టొద్దని లాయరు గారు గట్టిగా చెప్పారు.

నాన్నకి మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. అక్కడ మిర్చి బస్తాని టిక్కీ అంటారు. కారు ఇంటికొచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి, “బయట ఎవరికైనా చూపించావా?” అని అడిగారు. కంపెనీ వాళ్ళే చెక్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారన్నాను. “యార్డులో టిక్కీ విప్పి, లోపలికి చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి చూడకుండా ఎవడైనా కొంటాడ్రా? అమ్మేవాడు ఇచ్చిన చీటీ చూసి కొన్నావా?” అన్నారు. ఆ రోజు నాకు కోపమొచ్చింది.

రెండు నెలలు హాయిగా గడిచాయి. డిసెంబర్ చివర్లో ఒక సాయంత్రం విజయవాడ నుంచి వస్తూ మంగళగిరి దగ్గర టీకి ఆగాను. ఇరవై నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే సెల్ఫ్ మామూలుకన్నా చాలాసేపు తిరిగింది. ఇంజిన్ అందుకున్నాక కారంతా ఊగింది. మూడు కాళ్ళ మీద పరిగెత్తే గేదెలా ఉంది ఆ చప్పుడు. వెనక నుంచి నల్లటి పొగ, పచ్చి పెట్రోల్ వాసన. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంది. పది పదిహేను సెకన్లలో అంతా సర్దుకుంది. కాజ టోల్ దాటేసరికి అసలేమీ జరగనట్టే లాగుతోంది.

ఆ లైటు గురించి ఒక మాట. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చు. అదే మిణుకుతుంటే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తియ్యాలి. ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా అలాగే బయటికి పోతోందని దాని అర్థం. ఆ పచ్చి పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కాలిపోతుంది. ఈ రకం కార్లలో ఆ ఒక్క పార్టే లక్షల్లో ఉంటుంది.

జనవరిలో విజయవాడ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. స్కానర్ పెడితే పి0303 అని కోడ్ వచ్చింది. అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో పెట్రోల్ సరిగ్గా మండటం లేదని. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ, వాటికి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్స్ నాలుగూ మార్చేశారు. పైసా తీసుకోలేదు. నేను తెగ సంబరపడ్డాను. అసలు చెయ్యాల్సింది పావుగంట పని: మూడో కాయిల్ తీసి ఒకటో దానికి పెట్టి, మిస్‌ఫైర్ దాని వెంట వెళ్తుందా, మూడు దగ్గరే ఉండిపోతుందా చూడటం. వెంట వెళ్తే కాయిల్ తప్పు, ఉండిపోతే కాదు. కొత్త కాయిల్స్ వేశాక నాలుగు రోజులకి అదే ఊపు, అదే వాసన.

ఫిబ్రవరిలో రెండోసారి ఇచ్చాను. మూడు రోజులు ఉంచుకుని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. జాబ్ కార్డు మీద మూడు ఇంగ్లిష్ మాటలు: నో ప్రాబ్లమ్ ఫౌండ్. “మా దగ్గర ఒక్కసారి కూడా రాలేదు సర్. స్పోర్ట్స్ కారు కదా, ఆ మాత్రం సౌండ్ ఉంటుంది” అన్నాడు సర్వీస్ అడ్వైజర్. కుర్రాడు మంచివాడే, అతని మీద నాకు కోపం లేదు. కానీ వాళ్ళు పరీక్షించిన పద్ధతి చూడండి. రాత్రంతా ఆగిన కారుని పొద్దున్నే స్టార్ట్ చేస్తారు, బెంజ్ సర్కిల్ దాకా ఒక రౌండ్ వేస్తారు, వచ్చి ఆపి వెంటనే మళ్ళీ స్టార్ట్ చేస్తారు. నా కారు జబ్బు ఆ రెండిటికీ మధ్యలో ఉంది. బాగా వేడెక్కాక ఆపి, పావుగంట నుంచి అరగంట ఆగి స్టార్ట్ చేస్తేనే బయటపడుతుంది. ఆ సంగతి నేను నోటితో చెప్పాను, జాబ్ కార్డులో మాత్రం “స్టార్టింగ్ ట్రబుల్” అని రెండు ముక్కలు రాసుకున్నారు. నేను సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే.

ఇంకో అన్యాయం కూడా జరిగింది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మిస్‌ఫైర్ నమోదైన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎమ్ మీద ఉంది వగైరా లెక్కలన్నీ కారు కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ అని దాచిపెడుతుంది. కోడ్ క్లియర్ చేస్తే దాంతోపాటు ఆ లెక్కలూ పోతాయి. రెండుసార్లూ వాళ్ళు ముందు క్లియర్ చేసి, తర్వాత వెతికారు.

ఏప్రిల్‌లో మూడోసారి వెళ్తే కొత్త పాట మొదలైంది. “పెట్రోల్ ప్రాబ్లమ్ సర్. ఇప్పుడు అంతా ఇ20 కదా, ఈ ఇంజిన్లకి పడదు. ఇంధనం వల్ల వచ్చేవి వారంటీలోకి రావు.” ఇది చాలామందికి చెప్పే మాటే. ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2030కి అనుకున్నది 2025కే బంకుల్లోకి వచ్చేసింది కాబట్టి, ఏ రోగానికైనా అదే కారణమని చెప్పడం సులువైపోయింది. ఇథనాల్ వల్ల ఏ కారుకీ ఏమీ కాదని నేను అనడం లేదు. పాత కార్ల రబ్బరు పైపులకి, మైలేజీకి దాని ఇబ్బందులు దానికున్నాయి. నా కారు విషయంలో మాత్రం అది అబద్ధమని తర్వాత లెక్కలతో సహా తేలింది.

తేల్చింది ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పెద్దాయన. స్నేహితుడి ద్వారా వెళ్ళాను. బానెట్ ఎత్తి చూశాడు గానీ దేనిమీదా చెయ్యి వెయ్యలేదు. “రెంచి పెట్టను బాబూ. పెడితే రేపు నా పేరు చెప్పి నీ వారంటీ తీసేస్తారు” అన్నాడు. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మాత్రం లాగమన్నాడు. తుడిచి, ముంచి, మళ్ళీ లాగాను. ఆయిల్ గరిష్ఠ గీతకి పైన వేలెడు ఎత్తున ఉంది. “వాసన చూడు” అన్నాడు. చూస్తే ఆయిల్ వాసన కాదది, బంకులో నిలబడ్డట్టుంది. రెండు వేళ్ళ మధ్య రాస్తే జిగటే లేదు, నీళ్ళలా జారిపోతోంది.

ఆయిల్ తగ్గితే అందరం కంగారుపడతాం. పెరిగితే ఎవరికీ అనుమానం రాదు, పైగా బాగుందే అనుకుంటాం. ఇంజిన్‌లో ఆయిల్ దానంతటది పెరగదు. పెట్రోల్ పిస్టన్ రింగులు దాటి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి, టర్బో అరుగుతుంది.

తర్వాత ఆయన ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ డాంగిల్ తీసి పెట్టాడు. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూపించాడు. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్ కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది. పెంచితే అంకె ప్లస్‌లో, తగ్గిస్తే మైనస్‌లో ఉంటుంది. పది లోపు ఉంటే మామూలుగా పట్టించుకోరు. నా కారు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే, మైనస్ 17 ఉంది. ఎక్కడి నుంచో అడగని పెట్రోల్ లోపలికి వస్తోంది, కంప్యూటర్ దాన్ని తగ్గించలేక తంటాలు పడుతోంది.

ఇప్పుడు ఆ ఇ20 వాదన సంగతి చూడండి. కిలో పెట్రోల్ మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే వచ్చిన గాలికి సరిపడా మండాలంటే ఇథనాల్ కలిసిన పెట్రోల్ కాస్త ఎక్కువే పొయ్యాలి. ఇథనాలే కారణమైతే అంకె ప్లస్ వైపు పోవాలి, మైనస్ వైపు కాదు. పైగా నాలుగు సిలిండర్లకీ ఒకే ట్యాంకు. పెట్రోల్ చెడ్డదైతే మూడో సిలిండర్ ఒక్కటే ఎందుకు అలుగుతుంది?

చివరి పరీక్ష నాకు బాగా గుర్తుండిపోయింది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఒక్కో సిలిండర్‌కీ ఒక ఇంజెక్టర్ ఉండి, పెట్రోల్‌ని విపరీతమైన ఒత్తిడితో నేరుగా లోపలికి కొడుతుంది. టైర్‌లో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటే, ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టంలో, అంటే ఫ్యూయల్ రైల్‌లో, నా కారుకి ఐడిల్‌లోనే 50 బార్లుంది. కాలు అదిమితే అది 200 దాకా పోతుంది. ఇంజిన్ ఆపేసి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచమన్నాడు. “మంచి ఇంజిన్‌లో ఆపాక వేడికి ఒత్తిడి కాస్త పెరుగుతుంది బాబూ, లేదా అక్కడే నిలబడుతుంది. చూస్తూ ఉండు.” ఇద్దరం ఫోన్ స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం. 50, 44, 37. టీ వచ్చింది. 22. గ్లాసు కింద పెట్టేసరికి 9. పన్నెండో నిమిషంలో స్టార్ట్ చేస్తే అదే ఊపు, అదే పొగ. వీడియో తీసుకున్నాను. మూడో ఇంజెక్టర్ మూసుకోవాల్సిన చోట మూసుకోక కారుతోందని ఆయన లెక్క. “పంపు వాల్వ్‌లో లీకున్నా ఒత్తిడి ఇలాగే పడుతుంది. కానీ మూడోదే మిస్ అవుతోంది, ఆయిల్‌లో పెట్రోల్ ఉంది. కెమెరా పెట్టి పిస్టన్ చూడమను” అన్నాడు. డబ్బులిస్తే టీకి మాత్రం తీసుకున్నాడు. అంత పెద్ద సర్వీస్ సెంటర్‌లో మూడు నెలల్లో ఎవరికీ ఇది ఎందుకు తట్టలేదని అడిగాను. “పార్టు మారిస్తే కంపెనీ డబ్బులిస్తుంది. కారు దగ్గర కూర్చుంటే ఎవరిస్తారు?” అన్నాడు.

ఆ వీడియో, డిప్‌స్టిక్ ఫోటో, పెట్రోల్ బిల్లులు అన్నీ జతచేసి నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టాను. ఫోన్‌లో మాట్లాడినన్నాళ్ళు కదలని పని, రాతలో పెట్టగానే తొమ్మిది రోజుల్లో కదిలింది. కంపెనీ ఇంజినీర్ వచ్చి, ప్లగ్గులు తీసి, కెమెరా పెట్టి నాకే చూపించాడు. మిగతా మూడు పిస్టన్ల మీద నల్లగా మసి ఉంది. మూడో నంబరుది మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది, పెట్రోల్ కారి కారి కడిగేసింది. ఇంజెక్టర్ మార్చారు, ఆయిల్ మార్చారు. స్టార్టింగ్ ఇప్పుడు బాగుంది.

పుండు మీద కారం చల్లినట్టయింది మాత్రం అదే రోజు. ఆయన లాప్‌టాప్‌లో చాసిస్ నంబర్ కొట్టి హిస్టరీ తెరిచినప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. 14 వేల కిలోమీటర్ల దగ్గర ఒకటి, 18 వేల దగ్గర ఒకటి, పాత ఓనర్ ఇచ్చిన కంప్లయింట్లు ఉన్నాయి: వేడి మీద స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఊగుతోంది. రెండిటి కిందా అవే మూడు మాటలు, నో ప్రాబ్లమ్ ఫౌండ్. ఆ ఓనర్ విసిగిపోయి అమ్మేసుకున్నాడు. దొరకని సమస్య లేనట్టే కాబట్టి షోరూమ్ వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చేశారు. ఈ మాట హైదరాబాద్ వాళ్ళని అడిగితే నీళ్ళు నమిలారు.

కాబట్టి కొనేముందు జాబ్ కార్డుల ప్రింట్ వాళ్ళ చేతే తీయించండి. “ఇవ్వం” అంటే లేచి వచ్చెయ్యండి. వెయ్యి రూపాయల పైచిలుకులో స్కానర్ డాంగిల్ దొరుకుతుంది, వెంట తీసుకెళ్ళండి. కోడ్ లేకపోవడం చూసి మోసపోవద్దు, కారు కంప్యూటర్ తన సొంత పరీక్షలు పూర్తిచేసిందో లేదో చూపే ‘రెడీనెస్’ అని ఒక పేజీ ఉంటుంది, అది చూడండి. చాలావరకు ‘నాట్ రెడీ’ అని ఉంటే, మీరొచ్చే ముందే కోడ్లు క్లియర్ చేసో బ్యాటరీ తీసి పెట్టో ఉంటారు. కారు వేడెక్కేదాకా నడిపి, ఆపి, ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి. ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళు కంప్లయింట్‌ని మీ మాటల్లో, ఎప్పుడు ఎలా వస్తుందో పూర్తిగా జాబ్ కార్డులో రాయించండి, కోడ్ క్లియర్ చేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో అడగండి. వినకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కారు హైదరాబాద్‌లో కొన్నా కేసు మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చు. కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్ళు.

నా గొడవ ఇంకా తీరలేదు. పలచబడిన ఆయిల్‌తో మూడు వేల కిలోమీటర్లు తిరిగాను. రేపు బేరింగో టర్బోనో పోతే ఎవరిదీ బాధ్యత? ఆయిల్‌లో పెట్రోల్ కలిసిందని జాబ్ కార్డులో రాయమంటే “ఇంజెక్టర్ మార్చాం” వరకే రాశారు. వారంటీ ఆగస్టులో అయిపోతుంది. అందుకే తీసేసిన పాత ఆయిల్‌లో అర లీటరు అక్కడే సీసాలో పోయించుకుని, మూత మీద కాగితం అంటించి, తేదీ, కిలోమీటర్లు వేసి, అడ్వైజర్ చేత సంతకం పెట్టించుకుని తెచ్చాను. ల్యాబ్‌కి పంపేదాకా అది మా స్టోర్ రూమ్‌లో ఆవకాయ జాడీల పక్కనే ఉంది. అమ్మ దానిమీద ఇంకో కాగితం అంటించింది: “వంటకి కాదు”.